సున్న వేరు, ఖాళీ వేరు

గోదావరికి ఎర్రనీరు తగిలిన నాటినుండి ధవళేశ్వరంలో అందరి చూపూ ఒక్క అంకె మీదనే నిలుస్తుంది. బ్యారేజి వద్ద నీటిమట్టం ఎన్ని అడుగులు? 11.75 అయితే మొదటి ప్రమాద హెచ్చరిక; 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. గౌతమీ వసిష్ఠల నడుమనున్న లంక గ్రామాలలో ఈ మూడు అంకెలను ఎరుగని ఇల్లు అరుదు. పశువులను ఎప్పుడు గట్టు మీదికి తోలాలో, ఇల్లు విడిచి ఎప్పుడు కదలాలో ఈ లెక్కను బట్టియే నిర్ణయమవుతుంది.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి అయిన తరువాత చాలకాలం వరకు ఈ అంకెను ఊరూరికి చేర్చినవారు మనుష్యులే. ఒకరు కొలబద్ద చూసేవారు, ఒకరు తంతి కొట్టేవారు, ఒకరు టముకు వేసేవారు. కాగితం మీద అంకె చెరిగిపోతే, చెరిగిపోయినదని చెప్పగల నోరు వారికి ఉండేది. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజి వచ్చినది. వార్త నడిచే దారి కూడ మారినది. ఈనాడు ఆ అంకెను ఒక కంప్యూటరు మరొక కంప్యూటరును అడిగి తెలుసుకొనవచ్చును. ఈ అడగడానికీ జవాబివ్వడానికీ ముందుగా కుదుర్చుకొన్న ఒడంబడికను ఏపీఐ అంటారు. అడిగేవారి పక్షాన నిలిచి, వచ్చిన జవాబును విప్పి చెప్పే ప్రోగ్రాముల కూర్పునకు క్లయింటు లైబ్రరీ అని పేరు. ఒక విధంగా అది దుబాసి వంటిది.

దుబాసి చేసే పనిలో కీలకమైనది పార్సింగ్. తెలుగు పండితునికి ఇది కొత్త విద్య కాదు. పద్యాన్ని పదాలుగా విడదీసి, ఏది కర్త, ఏది క్రియ అని అన్వయం చెప్పడం బడిలో నిత్యం జరిగేదే. సర్వరు పంపిన అక్షరాల వరుసలో ఏది స్థలం, ఏది కాలం, ఏది మట్టం, ఏది కొలమానం అని విడదీయడమే పార్సింగ్. అన్వయం తప్పితే పద్యానికి అపార్థం వస్తుంది. ఇక్కడ తప్పితే నదికే అపార్థం వస్తుంది.

అందుచేత ఆ భాగంలో ఒక్క పంక్తి మార్చినా, మరొకరు చదివి ఒప్పుకొన్న పిమ్మటనే దానిని చేర్చుకోవడం మంచి సంస్థలలో ఆచారం. దీనినే కోడ్ రివ్యూ అంటారు. ప్రోగ్రాములను ఇట్లా పలువురు కూడి పరిశీలించే పద్ధతిని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన మైకేల్ ఫాగన్ 1976లో ఒక వ్యాసంలో శాస్త్రీయంగా వివరించినాడు. నేడు తీసివేసిన పంక్తులను ఒక రంగులోను, కొత్తగా చేర్చిన పంక్తులను మరొక రంగులోను పక్కపక్కనే చూపే సాధనాలు వచ్చినవి. సాధనం ఏది మారినదో చూపుతుంది. ఆ మార్పు వల్ల ఏమి జరుగుతుందో ఆలోచించవలసినవాడు మాత్రం మనిషియే.

ఒక ఉదాహరణను ఊహించుకొందాము. ధవళేశ్వరం మట్టాన్ని గంటగంటకూ అడిగి తెలుసుకొనే లైబ్రరీ ఒకటి ఉన్నది. ఒక రాత్రి సర్వరు జవాబులో స్థలమూ కాలమూ ఉన్నవి గాని, మట్టం ఉండవలసిన చోట ఏమీ లేదు. ప్రోగ్రాము ఆ జవాబును చదువలేక నిలిచిపోయినది. మరునాడు ఒక యువ ప్రోగ్రామరు చిన్న మార్పు చేసినది: మట్టం కనిపించకపోతే దానిని సున్నగా తీసుకోవలెను. మార్పు ఒక్క పంక్తి. ఉన్న టెస్టులన్నీ నెగ్గినవి. ఇక ప్రోగ్రాము ఆగదు. ఆమె వాదంలో న్యాయం లేకపోలేదు. వరద రాత్రి ఆగిపోయిన ప్రోగ్రాము ఎవరికి ఉపయోగం?

పరిశీలకుడు ఒక చిన్న లెక్క వేసినాడు. ముందు గంటలో మట్టం 15.50 అడుగులు, తరువాతి గంటలో 16.10 అడుగులు, నడిమి గంటలో ఖాళీ. తెరమీద చూపేది ఈ మూడు గంటల సగటు అనుకొందాము. ఖాళీని సున్నగా ఎంచితే సగటు 10.53 అవుతుంది. అది మొదటి హెచ్చరికకు కూడ దిగువ! ఖాళీని ఖాళీగా వదలి, ఉన్న రెండింటికీ సగటు కట్టితే 15.80 వస్తుంది. అది రెండవ హెచ్చరికకు పైన. నది ఒక్కటే, కొలతలు అవే. ఒక్క పంక్తి మార్పుతో భయమంతా తుడిచిపెట్టుకొని పోయినది.

ఈ భేదం ఉపాధ్యాయులకు చేతికి తగిలే విషయం. పరీక్షకు రాని విద్యార్థికి మార్కుల పట్టీలో 'గైరుహాజరు' అని వ్రాస్తారు గాని సున్న వేయరు. సున్న అంటే వ్రాసి తప్పినవాడు. గైరుహాజరు అంటే అసలు వ్రాయనివాడు. ఒకటి ఫలితం, రెండవది ఫలితం లేకపోవడం. తాళపత్ర ప్రతులను పరిష్కరించిన మన పండితులు కూడ ఈ నీతిని పాటించినారు. ఆకు శిథిలమై పద్యభాగం పోయినచోట నిజాయితీ గల పరిష్కర్త 'ఇచ్చట గ్రంథపాతము' అని వ్రాసి ఊరుకొన్నాడు గాని, తన కవిత్వాన్ని అతికించలేదు. జేసన్ అనే జవాబుల లిపిలో సున్నకు ఒక గుర్తూ, విలువ లేదనడానికి 'నల్' అనే వేరొక గుర్తూ ఉన్నవి. భాషలోనే ఉన్న ఆ భేదాన్ని దుబాసి చెరపరాదు.

పరిశీలకుడు అంతటితో తృప్తి పడరాదు. జవాబులో అంకె ఉన్నప్పుడు కూడ మోసం ఉండవచ్చును. 2022 జూలై వరదలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినది. మన అలవాటు ప్రకారం ఆ సంఖ్యను 25,00,000 అని వ్రాస్తే, జావాస్క్రిప్టులో అంకెలను చదివే ఒక ప్రసిద్ధ సాధనం మొదటి కామా దగ్గర ఆగిపోయి 25 అని చెబుతుంది. తప్పు జరిగినదని ఒక్క మాట అనదు. కేకవేసే తప్పును ఎవరైనా పట్టుకొంటారు. మౌనంగా నడిచే తప్పును పట్టుకోవడానికే పరిశీలన.

మరొక చిక్కు. అంకెలు మాటలుగా వచ్చినప్పుడు, వాటిని మార్చకుండా పోల్చితే కంప్యూటరు నిఘంటువు క్రమాన్ని పాటిస్తుంది. మొదటి అక్షరాన్ని మొదటి అక్షరంతో పోల్చుతుంది. 9 అనేది 1 తరువాత వస్తుంది గనుక 9.50 అనేది 17.75 కంటె పెద్దదని తేలుతుంది. అప్పుడు ప్రశాంతంగా ఉన్న నదికి మూడవ హెచ్చరిక మోగుతుంది. అబద్ధపు హెచ్చరికను రెండుసార్లు విన్న ఊరు మూడవసారి నిజమైనదానిని నమ్ముతుందా?

ఇక కొలమానం సంగతి. 17.75 అడుగులంటే 5.41 మీటర్లు. కొలమానాన్ని చదువకుండా అంకెను మాత్రమే తీసుకొన్న దుబాసి మీటర్లలో వచ్చిన మూడవ హెచ్చరికను అయిదు అడుగుల నీరుగా చెప్పగలడు. ఇటువంటి పొరపాటుకే 1999 సెప్టెంబరులో అమెరికావారి అంగారక నౌక, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్, బలి అయినది. ఒక ప్రోగ్రాము బలాన్ని పౌండ్ల లెక్కలో వ్రాస్తే, మరొకటి దానిని న్యూటన్లుగా చదివినది. అంకె సరియైనదే, అన్వయమే తప్పు.

అయితే వచ్చిన ప్రతి చిన్న వైపరీత్యానికీ జవాబును తిరస్కరించవలెనా? 1981లో వెలువడిన టీసీపీ నియమావళిలో జాన్ పోస్టెల్ ఒక ప్రసిద్ధ సూత్రం చెప్పినాడు: ఇతరులకు పంపేటప్పుడు కచ్చితంగా ఉండవలెను, ఇతరులనుండి పుచ్చుకొనేటప్పుడు ఔదార్యం చూపవలెను. ఈ ఔదార్యానికి హద్దు ఎక్కడ అన్నదే పరిశీలకుని విచక్షణ. అక్షరాల నడుమ అదనపు ఖాళీ ఉంటే క్షమించవచ్చును. ఎరుగని కొత్త అంశం ఒకటి కనబడితే పక్కన పెట్టవచ్చును. రూపంలో ఔదార్యం తగును, అర్థంలో తగదు. లేనిదానిని ఉన్నదని చెప్పడం ఔదార్యం కాదు, కల్పన.

ఊహించుకొన్న ఆ రివ్యూ ఎట్లా ముగియవలెను? పరిశీలకుడు మార్పును కొట్టివేసి ఊరుకొంటే ప్రోగ్రాము మరల ఆగిపోతుంది. ఆమె ఎత్తిన ప్రశ్న నిజమైనదే. అందుచేత అతడు తన లెక్కను పక్కన వ్రాసి, 'ఆగవద్దు, అబద్ధమూ ఆడవద్దు' అని సూచించినాడు. ఆమె తిరిగి వ్రాసినది. మట్టం లేకపోతే లైబ్రరీ 'కొలత అందలేదు' అని చెబుతుంది. చివర అందిన కొలతను అది ఏ గంటదో తెలుపుతూ చూపుతుంది. సగటులో ఖాళీని కలుపదు. ఖాళీగా వచ్చిన ఆ జవాబునే ఒక టెస్టుగా భద్రపరచినది. ఇకముందు ఎవరైనా దానిని సున్నగా మార్చితే ఆ టెస్టు తప్పుతుంది. మంచి ఉపాధ్యాయుడు దిద్దిన కాగితం వలె, ఆ రివ్యూ తరువాత వచ్చేవారికి కూడ పాఠమైనది.

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు ఎక్కినది. ఆ నీరంతా ధవళేశ్వరం మీదుగానే సముద్రానికి పోవలెను. అట్టి రాత్రి లంకలో దీపం పట్టుకొని గట్టు వైపు చూసే గృహస్థునకు ఏపీఐ అంటే ఏమిటో తెలియనక్కరలేదు. అతనికి ఒక అంకె కావలెను. ఆ అంకె లేకపోతే, లేదన్న నిజమైనా కావలెను. కొలత అందలేదని తెలిస్తే అతడు తన కళ్లను నమ్ముకొని పశువుల కట్లు విప్పుతాడు. సున్న అని చెబితే నిద్రపోతాడు.