టామ్, క్యాక్, రన్‌వే... ఇడ్లీ బండి దగ్గర అడిగితే చెప్పేస్తారు!

కాలేజీలో చేరిన కొత్తలో 'ఈ-సెల్‌లో చేరండి' అనే పోస్టర్ మీరూ చూసే ఉంటారు. ఈ-సెల్ అంటే ఆంత్రప్రెన్యూర్‌షిప్ సెల్. బిజినెస్ ఐడియాల పోటీలకి టీముల్ని తయారుచేసే స్టూడెంట్ క్లబ్. మా కాలేజీలో మొదటి మీటింగ్‌కి హాలు నిండిపోయింది. మూడో మీటింగ్‌కి సగం కుర్చీలు ఖాళీ.

వెళ్లిపోయినవాళ్ల దగ్గర ఐడియాలు లేక కాదు. 'మీ టామ్ ఎంత? క్యాక్ ఎంత? మోట్ ఏంటి?' అని సీనియర్లు గడగడా అడుగుతుంటే, అర్థం అడగడానికి మొహమాటం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో అందరికన్నా ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు మొదట తగ్గిపోయారు. అసలు వ్యాపారం కళ్లారా చూసింది వాళ్లే కదా!

అందుకే నేనో పని చేశా. నోట్‌బుక్‌లో రెండు కాలమ్‌లు గీశా. ఎడమవైపు క్లబ్‌లో విన్న మాట. కుడివైపు అదే సంగతిని మా రహమత్ నగర్‌లో ఏమంటారో.

సినిమా వాళ్లకి పాత లెక్కలే

మా పక్కనే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్‌మెన్ ఉండే బస్తీలు. శుక్రవారం వచ్చిందంటే టీ కొట్టు దగ్గర కూడా 'నైజాం షేర్ ఎంత? సీడెడ్‌లో బ్రేక్ ఈవెన్ అయిందా?' అనే మాటలే.

పక్కింటి బాబాయ్ ఓ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో లెక్కలు చూస్తాడు. ఆయన్నే అడిగా.

"బాబాయ్, రెవెన్యూ వేరు, చేతికొచ్చేది వేరు అంటున్నారు క్లబ్‌లో. ఏంటి తేడా?"

"గ్రాస్, షేర్ తెలుసు కదమ్మా? టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. ట్యాక్సులు, థియేటర్ రెంట్ పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. పోస్టర్ మీద గ్రాస్ వేస్తారు. ఫైనాన్షియర్ మాత్రం షేర్ ఎంతో చెప్పమంటాడు."

పోటీలో జడ్జీలు అడిగేదీ అదే. 'కోటి అమ్మకాలు' అని స్లైడ్ మీద పెద్ద అక్షరాల్లో వేస్తే సరిపోదు, అందులో మిగిలేదెంతో చెప్పాలి.

ఇంకో సంగతి. 'సీడెడ్' కూడా జార్గనే! 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న జిల్లాలు కాబట్టి రాయలసీమకి ఆ పేరొచ్చింది. ఈ కథ తెలియకుండానే కలెక్షన్లు లెక్కేసేవాళ్లు ఎందరో. మాట ఎక్కడ పుట్టిందన్నది తర్వాత. దాని వెనక ఉన్న లెక్క పట్టుకోవాలి.

ఇడ్లీ బండి సిలబస్

ఇప్పుడు ఓ ఇడ్లీ బండి పెట్టామనుకోండి. అంకెలు ఉదాహరణకే.

ప్లేటు 40 రూపాయలు. పిండి, చట్నీ ఖర్చు 25. మిగిలేది 15. ఇదే 'యూనిట్ ఎకనామిక్స్'.

బండి అద్దె, హెల్పర్ కూలి కలిపి రోజుకి 900. అంటే 60 ప్లేట్లు అమ్మితే 'బ్రేక్ ఈవెన్'. 61వ ప్లేటు నుంచే లాభం.

1,000 రూపాయలతో పాంప్లెట్లు పంచితే 50 మంది కొత్తగా వచ్చారు. ఒక్కొక్కరిని తేవడానికి 20 ఖర్చు. అది 'క్యాక్'. ఆ మనిషి పదిసార్లు వచ్చి ఒక్కో ప్లేటు తింటే మనకి మిగిలేది 150. అది 'ఎల్‌టీవీ'. క్యాక్ కన్నా ఎల్‌టీవీ బాగా ఎక్కువుండాలి. తిరగబడితే, ఎంతమంది వస్తే అంత నష్టం.

చేతిలో 30,000 ఉంది, నెలకి 10,000 పోతోంది. పోయేది 'బర్న్'. మిగిలిన మూడు నెలలు 'రన్‌వే'.

హైదరాబాద్‌లో టిఫిన్ తినేవాళ్లంతా 'టామ్'. అందులో మన ఏరియా వాళ్లు 'సామ్'. మన బండి నిజంగా అందుకోగలిగినవాళ్లు 'సోమ్'. సిటీ మొత్తం నాదే అంటే జడ్జి నవ్వుతారు.

బండి కొనకముందే ఇంటి ముందు టేబుల్ వేసి 20 ప్లేట్లు అమ్మి చూడటం 'ఎంవీపీ'. జనం ఇడ్లీ కన్నా చట్నీనే మెచ్చుకుంటుంటే చట్నీ ప్యాకెట్లవైపు మళ్లడం 'పివట్'. 2011లో ఎరిక్ రీస్ రాసిన 'ది లీన్ స్టార్టప్' పుస్తకంతో ఈ రెండు మాటలూ బాగా పాపులర్ అయ్యాయి.

ఇక 'మోట్'. గోల్కొండ కోట చుట్టూ కందకం ఉంటుంది చూడండి, అదే. పక్కనే ఇంకో బండి వచ్చినా మన కస్టమర్ అటు పోకుండా ఆపేది ఏంటి? అమ్మమ్మ చెప్పిన కారప్పొడి కొలతా? బస్టాప్ ఎదురుగా ఉన్న చోటా? ఆ జవాబే మోట్.

గాలి మాటలూ ఉంటాయి

నా నోట్‌బుక్‌లో కొన్నిటికి కుడి కాలమ్ ఖాళీగానే ఉండిపోయింది. 'సినర్జీ', 'గేమ్ ఛేంజర్', 'డిస్రప్షన్'... వీటికి అంకె లేదు, చేసే పనీ లేదు. అందుకే ఇప్పుడు కొత్త మాట వినగానే రెండే ప్రశ్నలు వేసుకుంటా. దీనికి అంకె ఉందా? రేపు పొద్దున చేయాల్సిన పని ఏమైనా చెప్తోందా? రెండూ లేకపోతే స్లైడ్‌లోంచి తీసేయొచ్చు.

2015లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో మొదలైన టీ-హబ్, 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద బిల్డింగ్‌లోకి మారింది. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే ఆ లైన్ చివరి స్టేషనే రాయదుర్గం. దూరం ఏడు స్టేషన్లే. మధ్యలో అడ్డుపడేది ఈ పాతిక మాటలే అయితే, వాటిని వారంలో నేర్చుకోవచ్చు.

క్లబ్ నడిపే సీనియర్లకీ ఓ మాట. మొదటి మీటింగ్‌లోనే ఈ మాటలన్నీ బోర్డు మీద రాసి, పక్కనే తెలుగులో అర్థం రాయండి అన్నా, అక్కా. పది నిమిషాల పని. మూడో మీటింగ్‌కి కుర్చీలు ఖాళీ కావు.