పెనం ఒకటే... రొట్టెలెన్నో!

కొనకనమిట్ల వైపు పెద్దవాళ్లనడగండి... ఒకప్పుడు రోజూ తిన్నది జొన్న, సజ్జలే అంటారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక అన్నం పెరిగింది, రొట్టె తట్టే చేతులు తగ్గాయి.

సజ్జపిండికి గోధుమపిండిలా సాగే జిగురుండదు. అందుకే మరిగే నీళ్లు పోసి కలపాలి. బాగా మర్దించి, అరచేత్తో పల్చగా తట్టి, పెనం మీద వేశాక పైన నీళ్లు అద్దాలి. తడి ఆరగానే తిప్పి కాల్చాలి.

గోదావరి జిల్లాల్లో మినప్పిండి, బియ్యపు రవ్వతో దిబ్బరొట్టె, తెలంగాణలో బియ్యప్పిండి, నువ్వులతో సర్వపిండి చేస్తారు. అంతెందుకు, స్కాట్లాండ్ వాళ్ల స్కోన్ కూడా మొదట్లో పెనం మీద కాలిందే!

పిండి దుకాణంలో దొరుకుతుంది. తట్టడం మాత్రం అమ్మమ్మ పక్కన కూర్చునే నేర్చుకోవాలి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి!