మూగవోయిన మంద్రము

సంగీతమున మంద్రస్థాయి తనంతట తాను దృష్టి నాకర్షింపదు. ఉన్నంతసేపు ఉన్నట్లే తెలియదు. లేనినాడు మాత్రము గానము నేలవిడిచి గాలిలో తేలుచున్నట్లుండును. ఇంటిలోని హోమ్ థియేటరునందు ఈ మంద్రభారమును మోయునది సబ్ వూఫర్ అను పెట్టె. అది మూగవోయినను, గుర్రుమని మొరాయించినను, బాగుచేయించుటయా, పారవేసి క్రొత్తది కొనుటయా అను ప్రశ్న గృహస్థునకు తప్పదు. ఇది వేల రూపాయలతో ముడిపడిన విషయము. తెలియక పెట్టె విప్పినవారికి ప్రాణాపాయమును కలదు. కావున కొంచెము వివరముగా చెప్పదలచితిమి.

మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. అందు అట్టడుగున నున్న 20 మొదలు సుమారు 120 వరకు గల కంపనములు సబ్ వూఫరు పాలికి వచ్చును. సెకనుకు 20 సార్లు కంపించు ధ్వని తరంగము పొడవు 17 మీటర్లు. మన హాళ్లలో పెక్కింటికంటె అది పెద్దది. అందుచేతనే ఈ ధ్వని ఏ మూలనుండి వచ్చుచున్నదో చెవి పోల్చుకొనలేదు. తక్కిన స్పీకర్లు ఎదుటనుండగా దీనిని ప్రక్కన పెట్టుటకు వీలగుటయు ఇందువలననే.

మార్దంగికుడు కచేరీకి ముందు ఎడమ మూతకు రవ్వముద్ద అంటించుట శ్రోతలు చూచియే యుందురు. మూత బరువెక్కిన కొలది నాదము క్రిందికి దిగును. సబ్ వూఫరు కోనును బరువుగా చేయుటలోని రహస్యమును ఇదియే. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు వెల్లడించిన పద్ధతియే నేటికిని స్పీకర్లకు ఆధారము: అయస్కాంతము నడుమ ఒక తీగచుట్ట, దానికి అంటిన కోను. తీగచుట్టలో విద్యుత్తు మారినకొలది కోను ముందునకు వెనుకకు ఊగి గాలిని త్రోయును. కంపనసంఖ్య సగమైనచో, అదే బిగ్గఱతనము కొఱకు కోను నాలుగు రెట్లు దూరము ఊగవలెను. ఇంతటి చాకిరి తక్కిన స్పీకర్లకు లేదు. తొలుత అలసిపోవునది సబ్ వూఫరే యగుటలో వింతలేదు.

అయితే మౌనమెల్ల వ్యాధి కాదు. మా ప్రసంగములను వినుచు సబ్ వూఫరు పలుకుటలేదని కలతపడువారుందురు. పురుషుని కంఠమున కూడ మిక్కిలి క్రింది కంపనములు స్వల్పము. మాటలు వచ్చునపుడు అది ఊరకుండుటయే న్యాయము. మృదంగమో, ఉఱుమో ఉన్న ధ్వనిని పెట్టి చూడవలెను. రిసీవరు అమరికలలో సబ్ వూఫరు 'లేదు' అని యున్నదేమో, ఎవరైన పిల్లలు మీటలు త్రిప్పినారేమో చూడవలెను. ధ్వని యున్నను పలుచగా నున్నచో వెనుకనున్న ఫేజు మీటను ఒకమారు మార్చి వినవలెను. పిమ్మట వైరు. హెడ్ ఫోన్ రంధ్రము గల సెల్ ఫోనునుండి తగిన వైరుతో నేరుగా సబ్ వూఫరునకు పాట నిచ్చినపుడు అది పలికెనా, దోషము రిసీవరులోనో పాత వైరులోనో యున్నది, పెట్టె నిర్దోషి. వందో రెండువందలో ఖరీదు చేయు వైరునకు బదులుగా సెట్టంతయు మార్చుకొన్న ఇండ్లు లేకపోలేదు.

ఫ్యూజు పోయినచో అదే కొలతగల ఫ్యూజునే వేయవలెను. రాగితీగ చుట్టి పని గడుపుకొను అలవాటు మనవారిలో కలదు. ఆ తీగ కాలదు. దానికి బదులు లోపలి భాగములు కాలును.

ఇక గుర్రుమను మ్రోత. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. ఆ సంఖ్య సరిగా సబ్ వూఫరు పరిధిలోనే పడుచున్నది. సంకేతము తెచ్చు వైరును ఊడదీసినంతనే మ్రోత ఆగినచో దోషము బయటిదని తెలియవలెను. టీవీకి వచ్చు కేబులు ఒకచోట, రిసీవరు మఱియొకచోట భూమిని తాకుటచే ఏర్పడిన వలయము తఱచుగా దీనికి కారణము. అన్నిటిని ఒకే ప్లగ్గు పెట్టెనుండి నడిపించినచో పెక్కుమార్లు తగ్గును. మ్రోత పోవునని ఎర్తు కొనను విఱుచువారు కలరు. అది రక్షణను విఱుచుటయే. ఎవరు చెప్పినను చేయరాదు. వైరు తీసిన పిదపను మ్రోత ఆగకున్నచో లోపలి కెపాసిటర్లు ఎండినవని అనుమానింపవచ్చును.

బరబర, పటపట శబ్దములు కోనునకు సంబంధించినవి. కోను అంచున నుండు నురుగు వలయము ఎండకును, తేమకును ఏండ్ల తరబడి నానుచు పొడియై రాలిపోవును. సముద్రతీరపు ఊళ్లలో ఇది మఱింత త్వరగా జరుగును. రబ్బరు వలయము ఎక్కువకాలము మన్నును. పెట్టెకు ప్లగ్గు తీసి, కోనును రెండుచేతుల వ్రేళ్లతో సమముగా మెల్లగా నొక్కి చూడవలెను. లోపల రాచుకొను చప్పుడు వినవచ్చినచో తీగచుట్ట వంకరపోయినది. ఏ చప్పుడును లేక అంచు మాత్రము చినిగియున్నచో సంతోషింపవలసిన విషయమే. వలయమును మార్చి అంటించు పనివారు పెద్ద ఊళ్లలో నేటికిని కలరు, ఖర్చును స్వల్పము. తీగచుట్టను మల్టీమీటరుతో కొలిచినపుడు, 4 ఓములదని వ్రాసియున్న స్పీకరు 3కు పైని, 4కు లోపల చూపవలెను. సంఖ్యయే రాకున్నచో చుట్ట తెగినది. మల్టీమీటరు లేనివారు 1.5 వోల్టుల సెల్లును ఒక్క క్షణము తాకించిన చాలును; కోను టక్కని కదలవలెను.

పెట్టె రంధ్రమున దూరి కాపురముండు చుంచెలుకలను, ఇల్లు కడిగిన నీటికి ఉబ్బిపోవు అడుగు చెక్కను గూర్చి యంత్రముతో వచ్చు చిన్నపుస్తకములు చెప్పవు. చెక్క ఉబ్బి అతుకు విడినచోట గాలి బుసకొట్టును. నాలుగంగుళముల పీట యొకటి వేసినచో ఈ బాధ తీరును.

చుట్టయు, కోనును బాగుండియు పెట్టె పలుకనిచో దోషము యాంప్లిఫయరుది. ఇచ్చట మాత్రము మేము గట్టిగా చెప్పుచున్నాము: దానిని ఇంట విప్పరాదు. గోడనుండి వచ్చు 230 వోల్టులు నేటి పెక్కు యాంప్లిఫయర్లలో సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారి కెపాసిటరులో నిలువయుండును. ప్లగ్గు తీసిన పిమ్మటను అది కొంతకాలము విడువదు. చిన్న స్క్రూడ్రైవరు జాఱుట చాలును. పనివానికి కూడ ఒక మాట చెప్పవచ్చును: చిన్న ఎఱ్ఱదీపమును వెలిగించు విభాగము రాత్రింబవళ్లు వేడెక్కుచునే యుండును గనుక, తొలుత చెడునవి తఱచుగా దాని కెపాసిటర్లే. వేడి 10 డిగ్రీలు పెరిగినచో వాని ఆయువు సుమారు సగమగునని లెక్క. తల ఉబ్బిన కెపాసిటరు కంటికే కనబడును; ఖరీదు కొద్ది రూపాయలు. అది చూడకయే 'బోర్డు మొత్తము పోయినది' అనువాని మాట వెంటనే నమ్మవలసిన పనిలేదు.

స్పీకరు మార్చునపుడు అంగుళములు సరిపోయిన చాలునని భ్రమపడుదురు. నెవిల్ థీల్ 1961లోను, రిచర్డ్ స్మాల్ 1970ల తొలినాళ్లలోను ఆస్ట్రేలియాలో చేసిన కృషివలన పెట్టె ఘనపరిమాణమునకును స్పీకరు గుణములకును గల లెక్క తేటపడినది. పరాయి స్పీకరు ఆ పెట్టెలో పలుకవచ్చును, కాని పాడదు. ఓములు అసలుదానికంటె తక్కువైనచో యాంప్లిఫయరే కాలవచ్చును. కోఠీలోని గుజరాతీ గల్లీవంటి చోట్ల బేరమునకు ముందు పాత స్పీకరు వెనుకనున్న అంకెలను వ్రాసికొని పోవలెను.

మరమ్మతు క్రొత్తదాని వెలలో సగము దాటినచో వలదనుట మా అభిప్రాయము. కాని ఒక చిక్కు కలదు. కొన్ని సెట్లలో అన్ని స్పీకర్లకును యాంప్లిఫయరు సబ్ వూఫరు పెట్టెలోనే యుండును. అది పోయినచో సెట్టంతయు పోయినట్లే. అట్టివానికి మరమ్మతు కొఱకు మఱి కొంత వెచ్చించినను తప్పులేదు. మఱికొన్నిటిలో సబ్ వూఫరునకు స్వంత యాంప్లిఫయరు లేక, రిసీవరే శక్తినిచ్చును. బజారులో దొరకు సబ్ వూఫర్లు చాలవరకు స్వంత యాంప్లిఫయరు గలవి. వానికి రిసీవరు వెనుక సబ్ వూఫరు అవుట్ అను రంధ్రము కావలెను. కొనుటకు ముందు వెనుకవైపు ఫొటో తీసి అంగడివానికి చూపుట మేలు.

పాతదానిని చెత్తకుండీలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన ఈ-వ్యర్థముల నియమముల ననుసరించి, దానిని నమోదైన పునర్వినియోగ సంస్థకు చేర్చు మార్గము కలదు.

క్రొత్తదానిని ఎక్కడ పెట్టుట? మూలను పెట్టినచో ధ్వని బలియును, కాని ఒక్కొక్కప్పుడు గుమగుమలాడి స్వరము మసకబారును. ఒక సులువుకలదు. మీరు కూర్చుండు చోటనే సబ్ వూఫరు నుంచి, మృదంగపు ధ్వనిని పెట్టి, మీరు గోడల వెంట వంగి తిరుగుచు వినవలెను. ఎచ్చట దెబ్బదెబ్బకు నాదము స్పష్టముగా వినబడునో, పెట్టెను అచ్చటికి మార్చవలెను.