సూరతు డాంగులకు వచ్చే హిమాలయపు నీలిపిట్ట

సూరతు పేరు వినగానే తెలుగువారికి మొదట స్ఫురించేవి మరమగ్గాలు. తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్ళి ఆ నగరంలో స్థిరపడిన నేత కుటుంబాలు అనేకం. కాని సూరతుకు ఆగ్నేయ దిశలో, మగ్గాల చప్పుడు సోకని కొండసీమ ఒకటి కలదు. బ్రిటిషు పాలనా కాలంలో 'సూరతు డాంగులు' అని వ్యవహరింపబడిన ఈ ప్రాంతం నేడు గుజరాత్‌లో డాంగ్ జిల్లా. సహ్యాద్రి ఉత్తరపు కొసన టేకు, వెదురు దట్టంగా పెరిగిన అడవులివి. పూర్ణ, అంబిక నదులు వీటి గుండా సాగి అరేబియా సముద్రాన్ని చేరుతాయి. ఏటా శీతకాలంలో ఈ అడవులకు వచ్చే అతిథులలో ఒకటి హిమాలయ సానువులలో పుట్టిన చిన్న నీలిపిట్ట. ఆంగ్లంలో దీనిని 'వెర్డిటర్ ఫ్లైకాచర్' అంటారు. ఎగిరే ఈగలను, దోమలను పట్టి తినే పిట్టల కుటుంబం దీనిది.

పరిమాణంలో ఇది ఇంచుమించు పిచ్చుకంత. రంగు మాత్రం ఒకసారి చూచినవారు మరువలేరు. ద్రాక్షతోటలకు చల్లే మందులో కలిపే మైలుతుత్తం ఎటువంటి నీలమో, ఈ పిట్ట ఒళ్ళంతా అటువంటి నీలం. మగపక్షికి కంటికీ ముక్కుకూ నడుమ నల్లని మచ్చ ఉంటుంది. ఆడపక్షి రంగు కొంత మాసినట్లు, బూడిద ఛాయతో ఉంటుంది. 1838లో దీనిని శాస్త్రీయంగా వర్ణించిన స్వెయిన్‌సన్ సముద్రవర్ణం కలదనే అర్థంలో 'తలాసిన' అని పేరుపెట్టాడు. చిత్రమేమంటే ఈ ఈకలలో నీలిరంగు పదార్థమేదీ లేదు. ఈక లోపలి సూక్ష్మనిర్మాణం వెలుతురును చెదరగొట్టే తీరే మన కంటికి నీలంగా తోస్తుంది. అందుచేతనే ఎండలో ధగధగలాడే పిట్ట నీడలోకి జరగగానే వెలవెలబోతుంది.

ఈ కుటుంబంలోని పిట్టలు పెక్కు పొదల నీడను వదలవు. ఇది అట్లా కాదు. చెట్టు చిటారున, ఆకురాలిన కొమ్మపైన, ఒక్కొక్కప్పుడు తంతి తీగమీద నిటారుగా, అందరికీ కనబడేటట్లు కూర్చుంటుంది. పురుగు కనబడగానే రివ్వున గాలిలోకి లేచి, దానిని ముక్కుతో పట్టి, తరచు బయలుదేరిన కొమ్మకే తిరిగి వస్తుంది. పక్షులను గుర్తించుట నేర్చుకొనే విద్యార్థికి ఇంతకంటె అనుకూలమైన పిట్ట అరుదు.

వేసవిలో దీని కాపురం హిమాలయాలలో, సుమారు 1,200 నుండి 3,000 మీటర్ల ఎత్తున. గట్ల కన్నాలలో, వేళ్ళ సందులలో, వంతెనల క్రింద నాచుతో దొప్ప వంటి గూడు కట్టి, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. పిల్లలను తల్లిదండ్రులిద్దరూ మేపుతాయి. చలి ముదిరి ఎగిరే పురుగులు కరవైనప్పుడు కొండ దిగవలసిందే. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో దక్షిణాపథానికి చేరి, మార్చి, ఏప్రిల్ నాటికి మరలిపోతుంది. మన తూర్పు కనుమలలో అరకు ప్రాంతానికి కూడ శీతకాలంలో వస్తుంది. దీని దగ్గరి బంధువు నీలగిరి నీలిపిట్ట మాత్రం వలస ఎరుగదు. పశ్చిమ కనుమల దక్షిణ శిఖరాలను ఏడాది పొడవునా అంటిపెట్టుకొని ఉంటుంది. దాని నీలం మరింత ముదురు, తోక మొదట తెల్లని మచ్చలుంటాయి.

ఈ జాతికి ప్రస్తుతం పెద్ద ముప్పు లేదని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ పరిగణిస్తున్నది. అయినా పిట్ట సంవత్సరంలో సగం కాలం గడిపేది విడిది అడవిలోనే. అక్కడ పురుగులు తక్కువైతే, తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు ఒంట చేరదు. హిమాలయంలో గూడు ఎంత భద్రంగా ఉన్నా ఆ లోటు తీరదు. డాంగులలో పూర్ణ అభయారణ్యం, సమీపంలో 1979లో ఏర్పడిన వాంస్దా జాతీయవనం ఈ దృష్టితో కూడ విలువైనవి. టేకునే సంపదగా చూచే కన్నుకు, మోడువారిన పాతచెట్టు వంటచెరకు మాత్రమే. నీలిపిట్టకు అదే వేటకు అనువైన పీఠం. శీతకాలపు ఉదయం అటువంటి మోడు ఎదుట ఒక గడియ కదలక నిలిస్తే, పిట్ట ఎన్నిసార్లు లేచి ఎన్నిసార్లు అదే కొమ్మకు వస్తుందో లెక్కపెట్టవచ్చు.