మందిరము విశాలపరచేటప్పుడు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 35, 36, 38 అధ్యాయములు, 2 రాజులు 12వ అధ్యాయము



ఈ దినము ఎన్నో సంఘములను కలవరపెడుతున్న ఒక విషయమును గూర్చి వాక్యపు వెలుగులో ఆలోచిద్దాము. నూట ఇరవై మంది కోసము కట్టిన మందిరానికి ఇప్పుడు రెండు వందల మంది వస్తున్నారు. ఆదివారము వస్తే సహోదరీలు వరండాలో, పిల్లలు చెట్టు క్రింద, ఆలస్యముగా వచ్చినవారు వీధి అరుగు మీద కూర్చుంటున్నారు. వాన పడితే ఆరాధన ఆగిపోతుంది. దేవుడు ఆత్మలను చేర్చుతున్నాడని సంతోషిస్తూనే, స్థలము చాలడము లేదని పెద్దలు బాధపడుతున్నారు. “అయ్యగారూ, మందిరము పెంచాలి. డబ్బు ఎక్కడి నుండి వస్తుంది?” అని అడుగుతున్నారు.

డబ్బు ఎంత వచ్చిందన్నది ఒక ప్రశ్న. ఎలా వచ్చిందన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. బలవంతముగా పోగుచేసిన డబ్బుతో గోడలు లేస్తాయి గాని, ఆ గోడల మధ్యకు రావడానికి బీదవాడు జంకుతాడు. అందుకే ఈ సంగతిని క్రమముగా చూద్దాము.

మొదటిది: నిజముగా అవసరమా?

మొదటి శతాబ్దములో విశ్వాసులు ఇండ్లలో కూడుకొనేవారు. సిరియా దేశములో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపొస్ అనే పట్టణము ఉండేది. 1930వ దశకము ఆరంభములో అక్కడ త్రవ్వకాలు జరిపినవారికి మూడవ శతాబ్దపు ఒక ఇల్లు బయటపడింది. క్రైస్తవులు ఆ ఇంటిని ఆరాధన స్థలముగా మార్చుకున్నారు. సంఘమంతా ఒకచోట కూడుకొనడానికి రెండు గదుల మధ్య గోడను తీసివేసి ఒకే గదిగా చేసుకున్నారు. మరొక గదిని బాప్తిస్మము ఇవ్వడానికి సిద్ధపరచుకున్నారు. మనకు తెలిసిన అతి పురాతనమైన క్రైస్తవ మందిరములలో అది ఒకటి. వారు కట్టినది గోపురము కాదు. అవసరమైనంత మేరకు ఒక గోడ తీసివేశారు, అంతే!

కాబట్టి పెద్దలు ముందుగా ఆలోచించవలసినవి కొన్ని ఉన్నాయి. ఉదయము ఒకటి, సాయంత్రము ఒకటి రెండు ఆరాధనలు జరిపితే కొంతకాలము సరిపోతుందా? ప్రక్కకు రేకుల షెడ్డు వేస్తే చాలునా? చాలదని తేలితే, దేవుని యెదుట మోకరించి పని మొదలుపెట్టండి. పొరుగూరి సంఘము పెద్ద గోపురము కట్టింది గనుక మనమూ కట్టాలనే ఆలోచన ఉంటే మాత్రము అక్కడే ఆగండి.

రెండవది: ఖర్చు లెక్కచూచుకోవాలి

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకోవాలని ప్రభువు లూకా 14వ అధ్యాయములో బోధించాడు. పునాది వేసి ఆపేస్తే చూచేవారు నవ్వుతారని కూడ ఆయనే చెప్పాడు. ఇనుప చువ్వలు తుప్పుపట్టి నిలిచిపోయిన పిల్లర్లు ఊరిలో ఉంటే, అవి సంఘమును గూర్చి ఏమి చెబుతాయో మీకు తెలుసు.

మేస్త్రి చెప్పిన అంచనాలో సాధారణముగా స్లాబు, గోడలు ఉంటాయి. కరెంటు పని, రంగులు, తలుపులు, మరుగుదొడ్లు, వృద్ధులు ఎక్కడానికి వాలుదారి, అనుమతుల ఖర్చు అందులో ఉన్నాయా? అడిగి వ్రాయించుకోండి. ఇనుము, సిమెంటు ధరలు పెరుగుతాయి గనుక కొంత అదనముగా కలుపుకోండి. పనిని అంతస్తులుగా విభజించండి: పునాదులు, పిల్లర్లు, స్లాబు, గోడలు. ఒక అంతస్తుకు కావలసిన డబ్బు చేతికి వచ్చిన తరువాతే ఆ పని ముట్టండి.

అప్పు సంగతి చెప్పనివ్వండి. స్లాబు త్వరగా వేయాలని ఒక సంఘము నూటికి రెండు రూపాయల వడ్డీకి ఐదు లక్షలు తెచ్చిందనుకొనండి. నెలకు పదివేలు వడ్డీ. సంవత్సరానికి లక్షా ఇరవై వేలు. అసలు ఒక్క రూపాయి కూడ తీరదు. అప్పుడు సేవకుడు ప్రతి ఆదివారము సువార్త కంటె వడ్డీని గూర్చే ఎక్కువ మాట్లాడవలసి వస్తుంది. విశ్వాసులు అలసిపోతారు. ఒక సంవత్సరము ఆలస్యముగానైనా అప్పు లేని మందిరములో కూర్చోవడము మేలు.

మూడవది: మనస్సుతో ఇచ్చేవారి యొద్దనే తీసుకోవాలి

అరణ్యములో ప్రత్యక్షపు గుడారము కోసము మోషే కానుకలు అడిగినప్పుడు, మనస్సు ప్రేరేపించినవారే తేవాలని చెప్పాడు. కొందరు బంగారము తెచ్చారు. కొందరు తుమ్మకఱ్ఱ తెచ్చారు. జ్ఞానము గల స్త్రీలు మేకవెండ్రుకలు వడికి తెచ్చారు. చేతిలో బంగారము లేనిది, చేతుల్లో పని ఉన్నది. దేవుడు దానిని కూడ అంగీకరించాడు.

ఇక్కడ మనము తరచుగా చూడకుండా దాటిపోయే ఒక సంగతి ఉన్నది. ఇష్టపూర్వకమైన కానుకలు గాక, లెక్కింపబడిన ప్రతి పురుషుడు అరతులము వెండి ఇవ్వాలి. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. 38వ అధ్యాయము ప్రకారము అలా ఇచ్చినవారు 6,03,550 మంది. ఆ వెండి 100 మణుగుల 1,775 తులములు. అందులో 100 మణుగులతో 100 దిమ్మలు పోతపోశారు. గుడారపు పలకలు నిలిచినది ఆ దిమ్మల మీదనే. చూచారా, సహోదరులారా? పైన మెరిసిన బంగారము కలిగినవారు ఇచ్చినది కావచ్చు. క్రింద బరువు మోసిన వెండి అందరూ సమానముగా ఇచ్చినది. కాబట్టి మందిరములో దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలక పెట్టాలని తొందరపడేవారు ఆ దిమ్మలను జ్ఞాపకము చేసుకోవాలి. అక్కడ ఒక్క దాత పేరు కూడ లేదు.

నాయకులు ముందుగా ఇవ్వడము కూడ వాక్యానుసారమే. 1 దినవృత్తాంతములు 29లో దావీదు తన సొంత ధనము ఇచ్చి, తరువాతనే అధిపతులను అడిగాడు. అధిపతులు ఇచ్చినది చూచి జనులు సంతోషించారు. పాస్టరు, పెద్దలు, కమిటీ సభ్యులు తమ శక్తికొలది ఇవ్వకముందు ఇంటింటికి తిరగకూడదు.

నాల్గవది: బీదవానిని నొప్పించకూడదు

విధవరాలి రెండు కాసుల సంగతి కానుకల ప్రసంగములలో ఎక్కువగా వింటాము. మార్కు 12వ అధ్యాయములో దానికి సరిగా ముందున్న మాట కూడ చదవండి. విధవరాండ్ర ఇండ్లను దిగమింగే శాస్త్రులను ప్రభువు అక్కడ గద్దించాడు. ఆమె ఇచ్చినది తన ఇష్టముతో. ఎవరూ ఆమె పేరు పిలిచి అడగలేదు. ఆ కథ చెప్పి కూలికి వెళ్లే తల్లిని వత్తిడి చేసేవాడు విధవరాలి ప్రక్కన నిలువడు. శాస్త్రుల ప్రక్కన నిలుస్తాడు.

కాబట్టి ఎవరెంత ఇచ్చారో మైకులో చదవడము మానండి. వెయ్యి ఇస్తే దేవుడు లక్ష ఇస్తాడని ఆశపెట్టడము మానండి. ఇవ్వనివారికి శాపమని బెదరించడము అంతకంటె ఘోరము. నెలకు ఇంత ఇస్తామని కార్డులు వ్రాయించుకొంటే, పంట పోయినవారు, జబ్బుపడినవారు ఆ కార్డును సిగ్గుపడకుండా వెనక్కి తీసుకొనే వీలు ఇవ్వండి. కోత పండుగ వేలము పాటలో గుమ్మడికాయ వేల రూపాయలు పలికితే సంతోషమే. ఆ రోజు పాట పాడలేనివారు తక్కువవారమని అనుకోకుండా చూడడము పెద్దల బాధ్యత. కలిగినదానిని బట్టియే ఇవ్వాలని, లేనిదానిని బట్టి కాదని పౌలు కొరింథీయులకు నేర్పించాడు.

మిజోరము సంఘములలో 1910 నుండి ఒక మంచి అలవాటు ఉన్నది. తల్లులు అన్నము వండే ప్రతిసారి ఒక పిడికెడు బియ్యము ప్రభువు కొరకు ప్రక్కన పెడతారు. మన తెలుగు పల్లెల సంఘములకు కూడ పిడికెడు బియ్యము కొత్త కాదు. లెక్క చూడండి. రోజుకు రెండు పిడికెళ్లు తీస్తే వారానికి సుమారు ఒక కిలో అవుతుంది. ఎనభై కుటుంబాలు సంవత్సరమంతా చేస్తే నాలుగు వేల కిలోలు దాటుతాయి. కిలో ముప్పై రూపాయల లెక్కన లక్షా ఇరవై వేల పైమాటే. పైన చెప్పిన వడ్డీ జ్ఞాపకమున్నదా? అప్పు తెచ్చినవారు పోగొట్టుకొనే మొత్తము ఇంచుమించు ఇదే. ఒక్క జాగ్రత్త: రేషను బియ్యము అమ్మడము చట్టవిరుద్ధము. ఆ బియ్యము తినే ఇంటివారు బదులుగా రోజుకు ఒక రూపాయి డబ్బాలో వేసుకోవచ్చు.

మెదకులోని గొప్ప దేవాలయమును మీలో అనేకులు చూచి ఉంటారు. వెస్లియన్ మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ గారి ఆధ్వర్యములో కట్టబడి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. 175 అడుగుల గోపురమును చూచి అందరూ ఆశ్చర్యపడతారు. దానికంటె నన్ను ఆకర్షించేది మరొకటి. కరువు దినములలో ఆ కట్టడపు పని ఆకలిగొన్న కుటుంబాలకు అన్నము పెట్టింది. మన పని కూడ అలా ఉండాలి. సంఘములోని తాపీ పనివారికి, కూలీలకు పని ఇవ్వండి, న్యాయమైన కూలి ఇవ్వండి. శ్రమదానము అడిగితే ఆదివారము మధ్యాహ్నము ఉద్యోగస్థులను కూడ తట్ట మోయమని అడగండి. రోజు కూలి పోగొట్టుకొనేవారిని మాత్రమే ఉచితముగా పనిచేయించుకోవడము దానము కాదు.

ఐదవది: లెక్క వెలుగులో ఉండాలి

యోవాషు రాజు దినములలో మందిరము బాగుచేయడానికి డబ్బు వచ్చింది. అయినను అతని ఏలుబడి ఇరవై మూడవ సంవత్సరము వరకు పని జరుగలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రము చేసి బలిపీఠము దగ్గర ఉంచాడు. పెట్టె నిండినప్పుడు రాజు యొక్క లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కించారు. ఆ సొమ్మును వేరే పాత్రలు చేయించడానికి వాడక, బాగుచేసే పనికే ఇచ్చారు. పనివారిని లెక్క అడగలేదని కూడ అక్కడ వ్రాయబడింది. అది చూపించి లెక్కలు అక్కరలేదనేవారు ఉన్నారు. పనివారి చేతికి వెళ్లకముందే ఇద్దరు లెక్కించారన్న సంగతి వారు మరచిపోతారు. గుడారము పనిలో మోషే కూడ ఈతామారు చేత లెక్క వ్రాయించాడు. యెరూషలేములోని బీదల కొరకు పోగైన ధనము తీసుకొని వెళ్లేటప్పుడు పౌలు ఒంటరిగా వెళ్లలేదు. ఎవరూ తప్పు పట్టకూడదని నమ్మకమైన సహోదరులను తోడు తీసుకున్నాడు. అపొస్తలునికి అవసరమైన జాగ్రత్త మనకు అక్కరలేదా?

కొన్ని మాటలు స్పష్టముగా చెబుతాను. మందిరము స్థలము పాస్టరు పేర గాక, రిజిస్టరు అయిన సంఘము లేక ట్రస్టు పేర ఉండాలి. కట్టడపు నిధికి వేరే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు ఉండాలి. కానుకల పెట్టెను ఇద్దరు బంధువులు గాక, వేరువేరు కుటుంబాలవారు లెక్కించాలి. ప్రతి రూపాయికి రసీదు ఇవ్వాలి. నెలకొకసారి వచ్చినది, ఖర్చయినది, మిగిలినది నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఒక్కొక్కరి కానుక వ్రాయనక్కరలేదు, మొత్తము చాలును. ఒకే మనిషి యొద్ద ఒకే రోజు రెండు లక్షలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోకూడదని 2017 నుండి చట్టము ఉన్నది.

విదేశాలలోని మన తెలుగు బిడ్డలు పంపాలని ఆశపడతారు. అక్కడ పనిచేస్తున్న భారత పౌరులు తమ సొంత సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళము క్రిందికి రాదు. ఆ దేశపు పౌరసత్వము తీసుకున్నవారు పంపితే అది విదేశీ విరాళమే. దానికి 2010 నాటి చట్టము ప్రకారము అనుమతి కావాలి. 2020 సవరణ తరువాత అది మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాకే రావాలి. పాస్టరు సొంత ఖాతాకు తెప్పించి మందిరానికి వాడడము, మంచి ఉద్దేశముతో చేసినా, చట్టమును మీరడమే.

చివరిగా: ఎప్పుడు ఆపాలి?

జనులు పనికి కావలసినదానికంటె ఎక్కువ తెస్తున్నారని పనివారు చెప్పగానే, ఇక తేవద్దని మోషే పాళెమంతట చాటించాడు. జనులు తేవడము మానారు. అక్కరకు తగినంత అడగడము, తీరగానే ఆపడము కూడ దేవుని సేవయే. మందిరము పని జరుగుతున్నంతకాలము సంఘములోని విధవరాండ్రకు, రోగులకు ఇచ్చే సహాయము ఒక్క నెల కూడ ఆపకండి. దిక్కులేనివారి సొమ్ము తీసి ఇటుకలు కొంటే, ఆ ఇటుకలు మనకు విరోధముగా సాక్ష్యమిస్తాయి.

శ్రోతలారా, మీ మందిరము పూర్తయిన రోజున చివరి వరుసలో కూర్చున్న బీద తల్లి తల ఎత్తి చూచి, “ఇందులో నా పిడికెడు బియ్యము ఉన్నది, ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు” అని చెప్పగలగాలి. అటువంటి మందిరము మీ ఊరిలో లేచునట్లు ప్రార్థిద్దాము.

పరలోకపు తండ్రీ, నీవు చేర్చుతున్న ప్రజల కొరకు నీకు స్తోత్రములు. స్థలము చాలని సంఘములను జ్ఞాపకము చేసుకొనుము. ఇచ్చేవారికి సంతోషమును, పెద్దలకు నమ్మకత్వమును, సేవకులకు ఓర్పును దయచేయుము. బీదవారు నొప్పింపబడకుండా నీ పని జరిగించుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.