మీకు తెలుసా? వెండితెర కెక్కిన రాణిగారి పాట

హవాయి దీవుల నేపథ్యము గల చలనచిత్రములలో తరచుగా వినవచ్చు ‘అలోహా ఓయ్’ అను వీడ్కోలు పాటను రచించి, బాణీ కట్టినది ఆ రాజ్యమును కట్టకడపట నేలిన రాణి లిలియుఒకలాని. 1878 ప్రాంతమున, ఆమె యింకను యువరాణిగా నున్న కాలమున, ఒవాహు ద్వీపమందలి మౌనవిలి నుండి గుఱ్ఱముపై మరలివచ్చుచు, తన పరివారములోని యొక యధికారికి ఒక కన్యక పూలదండ వేసి, ఆలింగనముతో వీడ్కోలు పలుకుట చూచి, దారి పొడవునను కూనిరాగము తీయుచు ఆ గీతము నల్లినదని ప్రసిద్ధి. 1893లో ఆమె రాజ్యము కూలద్రోయబడెను. 1895లో ఇయొలాని ప్రాసాదమున బందీయై యున్నప్పుడు ఆ పాటను స్వహస్తముతో లిఖించి భద్రపఱచెను. ప్రేమికుల వీడ్కోలు క్రమముగా ఒక జాతి దుఃఖమునకు గొంతుకయైనది.

1961లో ‘బ్లూ హవాయి’ చిత్రమున ఎల్విస్ ప్రెస్లీ పాడిన తీరు మధురమే కాని, అందు విహారయాత్రల యుల్లాసమే హెచ్చు. 2002 నాటి ‘లిలో అండ్ స్టిచ్’ కార్టూను చిత్రములో, తెల్లవారిన తన చెల్లెలిని అధికారులు కొనిపోవుదురని యెఱిగిన అక్క నాని దానిని పాడి వినిపించు ఘట్టమే రాణిగారి పాటకు నిజమైన న్యాయము చేసినది.