అడవికి వెళితే బస ఎక్కడ?

అడవి చూడబోయేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, "పులి కనిపిస్తుందా?" అని. నన్నడిగితే ముందుగా తేల్చుకోవలసింది, "రాత్రి ఎక్కడ పడుకుంటాం?" అన్నది.

మా కవాడిగూడ నుంచి శ్రీశైలం రోడ్డున కల్వకుర్తి, డిండి దాటి వెళితే 140 కిలోమీటర్ల దరిదాపుల్లో మన్ననూరు వస్తుంది. అదే అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వాకిలి. 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నల్లమల అడవి!

క్రిందటి వేసవిలో మా ఇంట్లో ఈ బస సంగతి మీద మూడు రోజులు మహాసభ జరిగింది. బసకు డబ్బు దండగ, తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరుదామన్నాడు అన్నయ్య. శ్రీశైలంలో బంగారంలాంటి సత్రాలుండగా అడవిలో పడకేమిట్రా, అంది అమ్మ. పిల్లలు సరేసరి, చెట్టెక్కి పడుకోవడానికైనా సిద్ధం.

ఇక్కడ ఒక చిక్కు వున్నది. మృగాలు తిరిగేది తెల్లవారే వేళా, పొద్దు వాలే వేళా. ఎండెక్కితే అవీ మనలాగే నీడ చూసుకుంటాయి. పైగా ఈ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు, దోమలపెంట గేట్లు మూసేస్తారు, రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా. కాబట్టి శ్రీశైలంలో పడుకున్నవాడు ఆరింటికి గేటు తెరిచాక ఘాట్ మలుపులన్నీ తిరిగి మన్ననూరు చేరేసరికి ఎండ చురుక్కుమంటూ వుంటుంది. ఇంటినుంచి తిన్నగా వద్దామంటే మూడింటికే లేవాలి. అంత చేసి వస్తే పిల్లలు సఫారీ జీపులో కునికిపాట్లు!

దక్షిణాఫ్రికాలో ఉద్యోగం చేస్తున్న మా పినతండ్రి కుమారుడు ఫోనులో ఇదంతా విని నవ్వాడు. అక్కడి క్రూగర్ పార్కులోనూ ఇదే లెక్కట. డిసెంబరు, జనవరి నెలల్లో లోపల కంచె వేసిన విడుదుల తలుపులు 4:30కే తెరుస్తారు. బయటినుంచి వచ్చేవారికి పార్కు గేటు తెరిచేది 5:30కి. గది చవకని బయటి వూళ్ళో దిగినవాడు పోగొట్టుకునేది ఆ గంటే. సింహం దారిమీద వుండేదీ ఆ గంటలోనే కావచ్చు.

చివరికి మన్ననూరే ఖాయం చేశాం. అక్కడ అటవీశాఖ 2021లో "టైగర్ స్టే" అని బస, సఫారీ కలిపి ఏర్పాటు చేసింది. దారి చూపేది చెంచు యువకులు. అడుగుజాడ చూసి ఏ జంతువు, ఎటు పోయిందీ చెబుతారు. మన డబ్బులో కొంత వాళ్ళ ఇంటికి చేరుతుందంటే నాకదొక తృప్తి.

హోటలు సుఖాలు ఆశించకండి. డబ్బు కట్టేముందు నాలుగు మాటలు అడగండి: ఉదయం సఫారీ మనకు వున్నదా, భోజనం ముందుగా చెప్పాలా, గదికి మెట్లెన్ని? మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు నేలమీది గది తీసుకున్నాం. జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ వుండదు.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. సాయంత్రమంతా రోడ్డు మీద బస్సులూ, కార్లూ, హారన్లూ. ఇదేం అడవిరా అని అన్నయ్య విసుక్కున్నాడు. తొమ్మిది దాటింది. కుళాయి కట్టేసినట్టు చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి దూరంగా దుప్పి ఒకటి అరిచింది. పిల్లలు గప్‌చుప్. వద్దు వద్దన్న అమ్మే అందరికంటే ముందు వరండాలోకి వచ్చి కూర్చున్నది!

మర్నాడు పులి కనిపించలేదు. నల్లమలలో అది అరుదు. దుప్పులు, నెమళ్ళు, ఎలుగుబంటి తవ్విన పచ్చి పుట్ట చూశాం. పది గంటలకల్లా శ్రీశైలం దారి పట్టాం. అమ్మకు దర్శనమూ అయింది.

మీరూ ఇదే వరుసలో వెళితే, తిరుగు ప్రయాణానికి శ్రీశైలంలో పొద్దుండగానే కదలండి. ఆలస్యమైతే ఆ రాత్రికి అక్కడే గది తీసుకోవడం మేలు. గేటు ఎవరికోసమూ ఆగదు.